మఖ్మల్ పురుగుకు నలభై కాళ్లు

ఖమ్మం,
ఏప్రిల్ 28

దోస్త్ లచ్చయ్యకు మహబూబ్ అలీ సలాం.

నువ్వు బస్సులో పంపిన తేనె అందింది. సీసా మూత సరిగ్గా బిగించలేదు కాబట్టి సగం తేనె, సగం సీటు కింది దుమ్ము అందాయి. రెండూ తీపిగానే ఉన్నాయి.

ఈ ఉత్తరం మీ ఇంటామె ఆదెమ్మకు చదివి వినిపించకు. ఆమె ఏడుస్తుంది, లేదంటే నవ్వుతుంది. రెండూ నాకు ఇప్పుడు పడవు.

నా కొడుకు మోయిజ్ నా కుట్టు మిషన్‌ను తీసేస్తానంటున్నాడు. దాని చోట అద్దాల అల్మారా పెట్టి రెడీమేడ్ బట్టలు అమ్ముతాడట. "ఈ కాలంలో ఎవలు కుట్టిచ్చుకుంటున్నరు అబ్బా? రంజాన్ పోయి నెలాయె, ఒక్క మనిషన్న టేపు మెడకు తాకిచ్చుకున్నడా?" అన్నాడు. నిజంగానే ఎవరూ తాకించుకోలేదు. చివరికి ఒక గడువు పెట్టాడు. "వానలు పడేలోపు ఒక్క పెద్ద ఆర్డర్ రానీ, మళ్ల నీ మిషన్ జోలికొస్తే ఒట్టు. రాకపోతే పాత సామాన్ల బండికి ఇచ్చేస్త."

పాత సామాన్ల బండికి! నలభై ఏళ్ల కింద పెద్ద దవాఖానాలో నువ్వు విరిగిన కాలుతో, నేను కోసిన పొట్టతో పక్కపక్క మంచాల మీద పడి ఉన్నాం, గుర్తుందా? నేను ముందు ఇంటికి పోయి, నీ పట్టీ కాలు పట్టేటట్టు ఒక కాలు బస్తా అంత, ఒక కాలు మామూలుగా నీకు ప్యాంటు కుట్టింది ఆ మిషన్ మీదనే.

మా ఇంట్లో మగవాడు కాలర్ కింద దారం ఎక్కించిన సూది లేకుండా గడప దాటడు. మా తాత అంతే, మా అబ్బాజాన్ అంతే. మోయిజ్ మాత్రం పదేళ్ల కింద ఆ సూది తీసి నా చేతిలో పెట్టి "నాకద్దు" అన్నాడు. ఆ రోజే నాకు అర్థం కావాల్సింది. పైగా బట్టలు ఉతికేటప్పుడు వేలికి సూది గుచ్చుకున్నప్పుడల్లా మా ఇంటామె మహబూబీ నన్నే తిడుతుంది. నా సూది తీసే చొక్కా ఉతకడానికి వేస్తానని ఎంత చెప్పినా వినదు. ఈ ఇంట్లో నా మాటకు విలువ లేదు లచ్చయ్యా.

నీ మహబూబ్ అలీ


ఇప్పలగుంపు, చర్ల మండలం,
మే 9

మహబూబ్ భాయ్‌కి లచ్చయ్య రాసేది.

ఉత్తరం ఆదెమ్మకు వినిపించాను. ఏడవలేదు, నవ్వలేదు. "ఆ పిలగాన్ని నాలుగు దినాలు ఇటు తోలియ్యమను. తునికాకు కట్టలు కట్టిస్త, బుద్ధొస్తది" అన్నది.

నీ ఉత్తరం రావడం, మా బడిలో ఫంక్షన్ పెట్టుకోవడం ఒకేసారి జరిగాయి. చిత్రం కదా! మా ప్రమీల టీచర్ పిల్లల కోసం ఒక నాటకం రాసింది. పులి చిమ్మట గొప్పదా, మఖ్మల్ పురుగు గొప్పదా అని రెండూ వాదించుకుంటాయి. ఇంగ్లీషులో టైగర్ మాత్, వెల్వెట్ వార్మ్ అంటారట. చిమ్మటకు పులి చారలు ఉంటాయి. పురుగు ఒళ్లంతా మఖ్మల్ గుడ్డలాగా మెత్తగా ఉంటుంది, బోలెడు కాళ్లు ఉంటాయి, నోటి పక్క నుంచి జిగురు చిమ్ముతుంది. రెండు వేషాలూ నువ్వే కుట్టాలి. బ్యాండు మేళం కోట్లకు తెచ్చిన మఖ్మల్ నీ దగ్గర తానులు తానులు మిగిలిందని అన్నావు కదా, అది వాడు.

ఇది చాలా పెద్ద ఆర్డర్ అని మోయిజ్‌కు గట్టిగా చెప్పు. తొందరేమీ లేదు. ఎంత ఆలస్యమైతే అంత మంచిది. అంటే, అంత బాగా కుట్టవచ్చని.

లచ్చయ్య


ఖమ్మం,
మే 17

లచ్చయ్యా, నీకు బుద్ధి ఉందా?

చిమ్మటకు నేను బట్టలు కుట్టాలా? మా తాత షేర్వానీ భుజం తిన్నది చిమ్మట. నా పెళ్లి జుబ్బా జేబు తిన్నది చిమ్మట. జీవితమంతా పెట్టెల్లో వేపాకు, కర్పూరం వేసి వాటితో కొట్లాడుతున్నాను. ఇప్పుడు ఆ జాతినే పిలిచి కుర్చీ వేసి "రండి, భుజం ఎంతుందో చూద్దాం" అనాలా?

మూడు రోజులు అన్నం సహించలేదు. మహబూబీ విసుక్కుంది. "గిరాకీ గిరాకే. చిమ్మటైతేంది, చీమైతేంది? మిషన్ ఉండాల్నా, పోవాల్నా?" అన్నది. సరే, ఒప్పుకున్నాను.

నీ ఉత్తరం మోయిజ్ ముందు పెట్టాను. రెండుసార్లు చదివాడు. "పురుగులకా అబ్బా?" అన్నాడు. "గిరాకీ" అన్నాను. వాడు అద్దాల మేస్త్రీకి ఫోన్ చేసి ఇప్పుడే రావద్దన్నాడు.

ఇక నా షరతు. కొలత లేనిదే కత్తెర పట్టనని మా ఉస్తాద్‌కు మాటిచ్చాను. చిమ్మట భుజం నుంచి రెక్క అంచుకు ఎంత? నడుము ఎంత, అసలు ఉంటే? మఖ్మల్ పురుగుకు మెడ ఎక్కడ మొదలవుతుంది? కాళ్లు ఎన్ని, మోకాళ్లు ఉన్నాయా, వంగితే గుడ్డ ఎక్కడ లాగుతుంది? మనిషి సైజుకు పెంచుకోవడం నేను పెంచుకుంటాను. అసలు కొలత అసలు ఒంటి మీదే తీయాలి. టేపు ఈ కవర్లోనే పెడుతున్నాను. ఫోన్ చేయకు. నీకు సిగ్నల్ దొరికిన పూట ఫోన్లో ముప్పై ఆరు అంటే నాకు నలభై ఆరు అని వినబడుతుంది. రాసి పంపు.

మహబూబ్ అలీ


ఇప్పలగుంపు,
మే 29

మహబూబ్ భాయ్‌కి.

చిమ్మట కొలతలు ఇవిగో. పొద్దుగూకంగనే సోలార్ లైటు పక్కన గోడ మీద వాలింది. టేపు ఒక కొస ఆదెమ్మ పట్టుకుంది, ఒక కొస నేను పట్టుకున్నాను. "కదలకే తల్లీ, ఖమ్మం టైలర్ కుడుతడట" అని ఆదెమ్మ బతిమాలింది. ఈ కొస నుంచి ఆ కొసకు రెండున్నర అంగుళాలు. పై రెక్కలు నలుపు, వాటి మీద పసుపు చారలు. లోపల దాచుకున్న రెక్కలు మాత్రం ఎర్రటి ఎరుపు. నడుము కొలవబోతే మెడ దగ్గర పసుపు నురగ కక్కింది. అది ఆదెమ్మ కొంగుకు అంటుకుని ఇంకా కంపు కొడుతోంది. కాబట్టి నడుము కొలత లేదు, నీ ఇష్టం.

మఖ్మల్ పురుగు కూడా దొరికింది. వాగు ఒడ్డున రాయి కింద ఉంది. నల్లగా నిగనిగలాడుతోంది. ముట్టుకోగానే చుట్ట చుట్టుకుపోయింది. మళ్లీ విప్పుకుంటుందని గంటసేపు దాని ముందు కూర్చున్నాను. కాళ్లు నూట పద్దెనిమిది వరకు లెక్కపెట్టాక మా ఎద్దు అరిచింది, లెక్క తప్పింది. పొడవు నాలుగు అంగుళాలు వేసుకో.

ఇదంతా నిజమేనా అని ఒట్టు మాత్రం అడగకు. ఇట్లాంటి చిన్న చిన్న విషయాలకు ఒట్టు వేస్తే మా వేల్పుకు నచ్చదు.

లచ్చయ్య


ఖమ్మం,
జూన్ 10

లచ్చయ్యా,

నూట పద్దెనిమిది కాళ్లా! అది పురుగా, పెళ్లి ఊరేగింపా?

నీకు గుడ్డ గురించి నాలుగు ముక్కలు చెబుతాను, విను. మఖ్మల్ నిగనిగలాడదు. వెలుతురును లోపలికి తీసుకుంటుంది. నిగనిగలాడేది శాటిన్. నల్లగా నిగనిగలాడి, ముట్టుకుంటే చుట్ట చుట్టుకునేదాన్ని మా ఖమ్మంలో రోకలిబండ అంటారు. మీ అడవిలో దానికి వేరే పేరు ఉందేమో నాకు తెలియదు. మళ్లీ పోయి సరిగ్గా చూసి రాయి.

ఈలోగా చిమ్మటను మొదలుపెట్టాను. ఒక మాట ఒప్పుకోవాలి. పైన చారల గుడ్డ, లోపల ఎర్రటి అస్తరు, అవసరం వచ్చినప్పుడు టక్కున విప్పి చూపించడం. దాన్ని ఎవరో మంచి దర్జీ పుట్టించినట్టుంది. ఇన్నేళ్లు ఆ జాతిని తిట్టినందుకు కొంచెం సిగ్గుపడ్డాను. కొంచెమే.

మొన్న వాన పడింది. మోయిజ్ గుమ్మంలో నిలబడి వాన వైపు చూశాడు, మిషన్ వైపు చూశాడు. నేను గబగబా పెడల్ తొక్కాను. బాబిన్లో దారం లేదు, అయినా తొక్కాను.

మహబూబ్ అలీ


ఇప్పలగుంపు,
జూన్ 21

మహబూబ్ భాయ్‌కి.

ప్రమీల టీచర్ నన్ను బాగా తిట్టింది. "రోకలిబండను కొలిచి పంపినవా లచ్చయ్య మామా? నా చదువు పరువు తీసినవ్ గదా!" అన్నది. పొరపాటయింది. మఖ్మల్ పురుగుకు ఉండేది ఇరవై జతల కాళ్లేనట. నలభై కుట్టు చాలు. మోకాళ్లు లేవు, ఎముకలు లేవు. నీళ్లు పోసిన తోలు సంచి నిలబడ్డట్టు నిలబడతాయట. రంగు ముదురు గోధుమ.

నాటకంలో ఒక్కో జతకు ఒక మనిషి లోపల దూరాలి. అంటే ఇరవై మంది.

నన్ను అడిగితే చిమ్మటే గొప్పది. గబ్బిలం తినడానికి వస్తుంటే అది టిక్కుటిక్కుమని చప్పుడు చేస్తుందట. మన చెవికి సరిగ్గా ఆనదు, గబ్బిలానికి ఆనుతుంది. "నేను చేదు, తింటే కక్కుకుంటవ్, పక్కకు పో" అని అర్థమట. ముందే చెప్పి పంపించే మర్యాద ఉంది దానికి. మరి నీ మఖ్మల్ పురుగు? మెత్తగా, చప్పుడు లేకుండా దగ్గరికి వచ్చి మొహం మీద జిగురు కొడుతుంది. నమ్మకద్రోహి.

చిమ్మట వేషం ఆదెమ్మ అడిగి తీసుకుంది. మా ఊళ్లో అంత గొంతు ఇంకెవరికీ లేదు. గబ్బిలాలే కాదు, నేను కూడా పక్కకు పోతాను.

లచ్చయ్య


ఖమ్మం,
జూలై 6

లచ్చయ్యా,

మఖ్మల్ పురుగును ఒక్క మాట అన్నా ఊరుకోను. నేను నలభై కాళ్లు కుట్టినవాడిని, నాకు తెలుసు.

నీ చిమ్మట ఏం చేస్తుంది? రంగులు చూపిస్తుంది, చప్పుడు చేస్తుంది, ముట్టుకుంటే నురగ కక్కుతుంది. ఇదంతా ఎవరూ దగ్గరికి రాకుండా ఉండటానికే కదా. అచ్చం మా మోయిజ్. మఖ్మల్ పురుగు అట్లా కాదు. తన మానాన తాను చీకట్లో తడిలో కూర్చుని పని చేసుకుంటుంది. మా చిన్నమ్మాయి ఆతియా ఫోన్లో చూపించింది. జిగురును రెండు పక్కల నుంచి రెండు దారాల్లాగా వదులుతుంది. అవి ఒకదానిలో ఒకటి పడి అల్లుకుంటాయి. పై దారం ఒకటి, కింద బాబిన్ దారం ఒకటి! అది పురుగు కాదు లచ్చయ్యా, అది దర్జీ.

ముప్పై ఎనిమిదో కాలు దగ్గర మిషన్ బెల్టు తెగింది. ఇక అయిపోయింది అనుకుని తల పట్టుకుని కూర్చున్నాను. మోయిజ్ బజారుకు పోయి కొత్త బెల్టు తెచ్చి బల్ల మీద పెట్టి పోయాడు. ఎందుకు తెచ్చాడో అడగలేదు. అడిగితే నురగ కక్కుతాడు.

వేషాలు రెండూ తయారు. కార్గోలో వేయను, స్వయంగా తెస్తాను. వ్యాను మోయిజ్ నడుపుతాడు. నాటకం తేదీ రాయి.

మహబూబ్ అలీ


ఇప్పలగుంపు,
జూలై 14

మహబూబ్ భాయ్‌కి.

నువ్వు రావద్దని కాదు. కానీ దారి బాగాలేదు. దారి బాగుపడితే వాగు బాగుండదు. హెడ్మాస్టరుకు గవదబిళ్లలు. స్టేజీ చెక్కలకు చెదలు. గబ్బిలం వేషం వేసే సతీష్ ఈతచెట్టు మీద నుంచి జారాడు. అన్నిటికంటే ముఖ్యంగా ఆదెమ్మ గొంతు పోయింది.

ఆదెమ్మ వెనక నిలబడి ఈ మాట చదివించుకుని ఇప్పుడే నన్ను తిట్టింది. పక్క గూడెం దాకా వినబడింది. కాబట్టి ఆ చివరిది కొట్టేసుకో. మిగతావన్నీ ఉన్నాయి.

ఈ వయసులో ఎందుకు శ్రమ? వేషాలు బస్సుకు వేసెయ్. నాటకం ఎట్లా జరిగిందో నేనే అంతా రాస్తాను కదా.

లచ్చయ్య


ఖమ్మం,
జూలై 21

లచ్చయ్యా,

దారి లేకపోతే నడుస్తాను. వాగు ఉంటే ఆగుతాను. చెదలు తిన్న స్టేజీ నాకెందుకు, పురుగు నేల మీదే నడుస్తుంది.

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం. ఆ రోజు మీరంతా ఎట్లాగూ ఒక్కచోటే ఉంటారు. ఆ రోజే వస్తున్నాం.

మహబూబ్ అలీ


ఇప్పలగుంపు,
ఆగస్టు 14

మహబూబ్ భాయ్‌కి.

నువ్వు ముందు వరసలో కూర్చుని చూశావు. లోపల ఏం జరిగిందో నీకు తెలియదు. అది రాసే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

నేను రాసినప్పుడు ఫంక్షన్ లేదు. నాటకం లేదు. ఏప్రిల్‌లో నువ్వు రాసిన ఉత్తరం చదివాక నాకు మనసు మనసులో లేదు. నువ్వు కుట్టిన ఆ ఒంటికాలు బస్తా ప్యాంటుతోనే నేను దవాఖానా నుంచి నడిచి బయటికి వచ్చాను. ఆ మిషన్ పాత సామాన్ల బండెక్కితే నేను ఊరుకుంటానా? ఏదో ఒక ఆర్డర్ పుట్టించాలనుకున్నాను. చొక్కా అంటే ఒక్క పూటలో కుట్టి పడేస్తావు. అందుకని ప్రమీలను అడిగాను. "బిడ్డా, కుట్టనీకి శానా కష్టమైన జీవులు రెండు చెప్పు" అన్నాను. ఆమె చెప్పింది, నేను రాశాను. మఖ్మల్ పురుగును నా జన్మలో చూడలేదు. కొలతలు అడుగుతావని నాకేం తెలుసు?

నువ్వు వస్తున్నావని తెలిశాక రెండు వారాల్లో నాటకం పుట్టించాం. ప్రమీల రాసింది, ఆదెమ్మ రాయనివి కూడా అరిచింది.

పురుగులోకి ఇరవై మంది కావాలా? బడిలో పిల్లలు పదిహేడు మంది. ప్రమీల, నేను. ఒకరు తక్కువ. ఆ సమయానికి మోయిజ్ సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తి వ్యాను చుట్టూ తిరుగుతున్నాడు. ఆదెమ్మ రెక్కలతో సహా పోయి వాడి చెవి పట్టుకుని తెచ్చి లోపలికి తోసింది. నువ్వు పాన్ కోసం పోయినప్పుడు జరిగింది ఇది. నేను పదకొండో జత, వాడు పన్నెండో జత.

లోపల ఒకటే ఉక్క. ముందు ప్రమీల, ఆమె భుజానికి పత్తి మందు కొట్టే పంపు. దాని నిండా తపసి చెట్టు జిగురు నానబెట్టిన నీళ్లు. చిమ్మట మీద కొట్టాలి. ఆదెమ్మ తప్పుకుంది. అది పోయి సర్పంచ్ వీరన్న మీద పడింది. వీరన్న, తెల్ల చొక్కా, ప్లాస్టిక్ కుర్చీ మూడూ ఒక్కటయ్యాయి. "ఏందే ఇది!" అని వీరన్న లేస్తే కుర్చీ కూడా లేచింది. అది చూద్దామని ముందు పది జతలు ముందుకు ఉరికాయి. వెనక పది జతలకు ఏమీ కనబడలేదు, అక్కడే నిలబడ్డాయి. పర్రుమని పురుగు నడుము చిరిగింది.

నువ్వు ముందు నుంచి చప్పట్లు కొడుతున్నావు. మోయిజ్ ఎదురుగా నీ పని చిరిగింది. ఇక మిషన్ పోయినట్టే అనుకున్నాను.

మోయిజ్ "ఆగుండ్రి, ఎవ్వలూ గుంజకుండ్రి" అన్నాడు. కాలర్ మడత తిప్పి సూది తీశాడు. దారం ఎక్కించే ఉంది మహబూబ్ భాయ్. పురుగు నడుస్తుంటే తానూ నడుస్తూ లోపల నుంచి మూర పొడుగు చిరుగు కుట్టేశాడు. చివర దారం పళ్లతో కొరికి, వేలితో కుట్టు మీద రాశాడు. అచ్చం నువ్వు రాసినట్టే రాశాడు.

"నీకు వచ్చునా బిడ్డా?" అన్నాను. సిగ్గుపడ్డాడు. "అబ్బకు చెప్పకు చాచా" అన్నాడు.

నేను ఒట్టు వేయలేదు, అందుకే చెబుతున్నాను. మూడు నెలలు నీకు అబద్ధాలు రాసినందుకు నన్ను తిట్టు. కానీ ఉత్తరాలు మాత్రం మానేయకు.

లచ్చయ్య


ఖమ్మం,
ఆగస్టు 25

లచ్చయ్యా,

నలభై ఏళ్లు స్కూల్ యూనిఫాంలు కుట్టినవాడిని. మే నెలలో బడికి తాళం ఉంటుందని నాకు తెలియదా? నీ మొదటి ఉత్తరంలోనే దొరికిపోయావు. పైగా ఆతియా చెప్పింది, మఖ్మల్ పురుగు మన దేశంలో ఉండేది ఎక్కడో అరుణాచల్ కొండల్లోనట. అది నడిచి వచ్చి మీ వాగు ఒడ్డున కూర్చోవాలంటే ఆ నలభై కాళ్లూ అరిగిపోవాలి.

నీ అబద్ధం మరీ వదులుగా ఉంది. నాలుగు చోట్ల జారిపోతోంది. కొలతలు అడిగి అడిగి దాన్ని బిగించింది నేను. తేదీ కోసం పట్టుబట్టింది కూడా అందుకే. ఆర్డర్ నిజం కాకపోతే నేను మోయిజ్‌ను మోసం చేసి గెలిచినట్టు అవుతుంది. నువ్వు ఎట్లాగైనా నాటకం ఆడిస్తావని నాకు తెలుసు. నీ మొహమాటం నాకు తెలియనిదా?

సూది సంగతి మాత్రం తెలియదు.

నీ ఉత్తరం మహబూబీకి చదివి వినిపించాను. ఆమె తన వేళ్లు చూసుకుంది. "యా అల్లా! పదేండ్ల సంది వాని సూది గుచ్చుకుంటే నిన్ను తిట్టిన్నా!" అని నవ్వింది, తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు, కళ్లజోడు తుడుచుకున్నాను అంతే. కాదులే. ఏడ్చాను. నా చేతిలో పెట్టింది ఒక సూది, వాడు రోజూ పెట్టుకున్నది ఇంకో సూది. నా పని వాడికి వద్దేమోనని పదేళ్లు కుమిలిపోయాను లచ్చయ్యా. అద్దాల అల్మారా కంటే అదే ఎక్కువ నొప్పి.

నాకు తెలిసిన సంగతి వాడికి చెప్పలేదు. తెలియనట్టే ఉన్నాను.

అల్మారా నిన్న వచ్చింది. మిషన్ జరగలేదు. చోటు సరిపోలేదని మోయిజ్ అల్మారానే సగానికి కోయించాడు. బోర్డు కూడా కొత్తది రాయించాడు. పైన "మోయిజ్ రెడీమేడ్స్." కింద దానికంటే పెద్ద అక్షరాల్లో "మహబూబ్ టైలర్స్: ఇచ్చట పురుగులకు కూడా కొలతలు తీసి కుట్టబడును."

మీ నాటకం చూసి పోయినవాళ్లు ఎవరో చెప్పారట, ఇల్లందు నుంచి ఒక బడివాళ్లు వచ్చి వాళ్ల పిల్లల నాటకానికి మొసలి వేషం అడిగారు. మోయిజ్ టేపు మెడలో వేసుకుని పుస్తకం తెరిచాడు. "కొలత లేనిదే మేం కత్తెర పట్టం" అని వాళ్లతో అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "మొసలి కొలతలు ఎవలు తెస్తరు అబ్బా?" అని అడిగాడు.

నీ పేరు చెప్పాను. కిన్నెరసానిలో మొసళ్లు ఉన్నాయట. టేపు రెండో కొస ఆదెమ్మను పట్టుకోమను.

నీ మహబూబ్ అలీ